రెక్క బండికి నాలుగో చుట్టు

ఫిబ్రవరి 2

చేతి లైసెన్సు ఉన్నవాళ్ళు డైరీ రాయాలట. అదీ సొంత చేత్తో, సొంత భాషలో. బండి నడిపింది మనిషేనని రుజువు కోసం ఈ ఏర్పాటు. ఇరవై రెండేళ్ళుగా రాస్తున్నాను, ఇంతవరకూ ఒక్కరూ చదివిన పాపాన పోలేదు. ఓసారి అనుమానం తీర్చుకుందామని మధ్యలో గోంగూర పచ్చడి ఎలా చెయ్యాలో రాశాను. ముద్ర కొట్టి వెనక్కి పంపించారు. కాబట్టి ఇకమీదట నాకు తోచింది రాస్తాను.

నా పేరు పెంచలమ్మ. యాభై ఎనిమిదేళ్ళు. సూళ్ళూరుపేట పక్కన కాళంగి మోటార్స్‌లో టెస్ట్ డ్రైవర్ని. అంతకుముందు బస్సు నడిపేదాన్ని, మనుషులు బస్సులు నడిపే రోజుల్లో. ఇప్పుడు రోడ్డు మీద బండ్లన్నీ వాటంతటవే పోతాయి, మనం లోపల కూర్చుని వక్కపలుకులు నములుకోవడమే. స్టీరింగ్ అనేది స్పోర్ట్స్ కారుకు మాత్రం మిగిలింది, అది కూడా ట్రాక్ మీదే తిరగాలి. జిల్లా మొత్తానికి స్టీరింగ్ పట్టుకునే అనుమతి, అదే చేతి లైసెన్సు, నా ఒక్కదానికే ఉంది.

నిన్న మా కారు పరీక్ష తప్పింది. ఇది రెండోసారి.

పరీక్ష ఏమిటో చెబితే నవ్వుతారు. ముగ్గురు జడ్జీలు వస్తారు. ఒక్కొక్కరూ కారులో మూడు చుట్లు వెయ్యాలి, అది తప్పనిసరి. ఆ తర్వాత ఎవరూ అడక్కుండా, ఎవరూ సైగ చెయ్యకుండా, తమంతట తాము నాలుగో చుట్టు వేస్తే అది స్పోర్ట్స్ కారు. సాయంత్రం ఐదు లోపల ముగ్గురిలో ఇద్దరు వెయ్యాలి. జడ్జి మనసు మారొచ్చు కాబట్టి ఐదు దాకా కారు ట్రాక్ మీదే ఉండాలి. అంతే. మార్కుల్లేవు, కొలతల్లేవు. ఈ రోజుల్లో కూరగాయల బండి కూడా తల్చుకుంటే రెండొందల వేగంతో పోతుంది, ఇంకా వేగం కొలిచి ఏం లాభం?

నిన్న ముగ్గురూ మూడేసి చుట్లు వేశారు. దిగి "చాలా బాగుంది" అన్నారు. భోంచేసి వెళ్ళిపోయారు.

మూడోసారి, ఆఖరిసారి, మార్చి పద్నాలుగున. అది కూడా పోతే కాళంగికి ట్రాక్ అనుమతి పదేళ్ళ పాటు రద్దు. ట్రాక్ లేని ఊళ్ళో చేతి లైసెన్సు ఉండకూడదు, కాబట్టి నాది అదే సాయంత్రం ఐదింటికి రద్దు. అరవై ఐదు దాటినవాళ్ళకు కొత్తది ఇవ్వరు. అంటే నా చేతుల్లో స్టీరింగ్ ఇంకో నలభై రోజులు ఉంటుంది.

ఫిబ్రవరి 5

పొద్దున ఫ్యాక్టరీకి తీసుకొచ్చే బండితో గొడవ. మలుపు దగ్గర నా కాలు దానంతటదే నేలను నొక్కుతుంది, లేని బ్రేకు కోసం. "ప్రయాణికురాలికి కాలునొప్పి ఉన్నట్టుంది, ఆసుపత్రికి పోనివ్వమంటారా?" అని అడిగింది. వారానికి మూడుసార్లు ఇదే ప్రశ్న. నోర్మూసుకుని పొమ్మన్నాను. నోర్మూసుకునే పోయింది కానీ, ఆసుపత్రి మీదుగా పోయింది.

పదింటికి మీటింగ్. మా చీఫ్ ఇంజనీరు ప్రద్యుమ్న గోడ నిండా అంకెలు వేశాడు. మంచివాడే గానీ అంకెలు చూస్తే అన్నం కూడా గుర్తుండదు. మా కారు పేరు రెక్క. దానికి పోటీ బెల్లోరా, నూట అరవై ఏళ్ళ కంపెనీ, ఎక్కడో ఇటలీ కొండల్లో చేస్తారు. బెల్లోరా ఎప్పుడు పరీక్షకు వచ్చినా జడ్జీలు నాలుగు, ఐదు, ఆరు చుట్లు కూడా వేస్తారు.

"చూడండి పెంచలమ్మ గారూ. వందకి చేరడానికి బెల్లోరాకి రెండున్నర సెకన్లు, మనకి రెండే. మలుపుల్లో మనమే ముందు. బ్రేకుల్లో మనమే ముందు. ఏ లెక్కన చూసినా వాళ్ళకంటే మనం తీసిపోలేదు" అన్నాడు.

"మరి దిగిపోతుండారేంది అబ్బయా?"

"అదే అర్థం కావట్లేదండీ. పేరు చూసి పడిపోతారేమో. కొత్త కంపెనీ అంటే చిన్నచూపు."

పేరు చూసి పడిపోతారనే మాట విని గది నిండా ఉన్నవాళ్ళంతా హమ్మయ్య అనుకున్నారు. నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. ఎందుకంటే నేను కూడా రెక్కలో మూడు చుట్లకు మించి వేసింది లేదు. జీతం ఇస్తున్నారు కాబట్టి ఆ మూడైనా వేస్తున్నాను. ఈ మాట మీటింగులో అనలేదు. డైరీ ఎవరూ చదవరు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఫిబ్రవరి 11

ప్రద్యుమ్న ఎవరి కాళ్ళో పట్టుకుని ఒక బెల్లోరా తెప్పించాడు. ఒక్క గంట కోసం. పులికాట్ ఒడ్డున మా ట్రాక్, అవతల నీళ్ళలో ఫ్లెమింగోలు. నేను కూర్చుని స్టార్ట్ చెయ్యగానే సగం పక్షులు లేచిపోయాయి.

అబ్బా, అదేం బండి! కుదుపులు. స్టీరింగ్ చేతుల్లో గింజుకుంటుంది. చక్రం కింద చిన్న గులకరాయి పడినా వీపుకు తెలుస్తుంది. రెండో మలుపులో వెనక భాగం పక్కకు జారింది, నేను అరిచాను, నా చేతులు వాటంతటవే సర్దేశాయి. ముప్ఫై ఏళ్ళ కిందట వానలో నాయుడుపేట బస్సు జారినప్పుడు ఇలాగే సర్దాయి. ఇంకా గుర్తుంది వీటికి!

ఏడు చుట్లు వేశాను. గంట అయిపోయిందని బెల్లోరా వాళ్ళ మనిషి జెండా ఊపుతుంటే చూడనట్టు ఎనిమిదోది కూడా వేద్దామనుకున్నాను గానీ, ప్రద్యుమ్న మొహం చూసి ఆగిపోయాను. కాళంగి ఉప్పు తింటూ వేరే కంపెనీ కారులో ఇంత సంబరపడ్డందుకు సిగ్గేసింది. సిగ్గేసిందే కానీ నవ్వు ఆగలేదు.

"ఏముంది దాంట్లో?" అని అడిగాడు ప్రద్యుమ్న.

"దాంట్లో నేనుండాను అబ్బయా. మన బండి నన్ను కూచోబెట్టి మోసకపోతాది. అది నన్ను పని చేయమంటాది."

అతను ఆ మాట రాసుకున్నాడు. పక్కన అంకె వెయ్యడానికి చోటు వదిలి ఆలోచించాడు.

ఫిబ్రవరి 16

మా కంపెనీ పుట్టుక గురించి రాయాలి, లేకపోతే ఇవాళ్టి సంగతి అర్థం కాదు. కాళంగి వాళ్ళు ముప్ఫై ఏళ్ళుగా చేస్తున్నది పెళ్ళివంటల బండ్లు. వంటశాలలో సాంబారు గుండిగలు ఎక్కిస్తే, బండి తనంతట తానే కల్యాణ మండపానికి పోతుంది, చుక్క ఒలకదు. అందులో మమ్మల్ని కొట్టేవాళ్ళు దేశంలో లేరు. ఆ గర్వంతోనే నాలుగేళ్ళ కిందట స్పోర్ట్స్ కారు చేద్దామని బయల్దేరారు.

ప్రతి బండికీ చివర్లో గుండిగ పరీక్ష ఉంటుంది. అంచు దాకా సాంబారు నింపిన గుండిగను లోపల పెట్టి, కింద తెల్లబట్ట పరిచి, ట్రాక్ మీద తిప్పుతారు. బట్ట మీద ఒక్క మరక పడినా బండి వెనక్కి పోవాల్సిందే. రెక్కకు కూడా నాలుగేళ్ళుగా ఇదే పరీక్ష చేస్తున్నారట, పొద్దున్నే నేను రాకముందు, వంటల బండి వెనక కట్టి లాగిస్తూ! నాకు ఇవాళే తెలిసింది. డ్రైవరు పక్క సీటు తీసేసి అక్కడ గుండిగ పెట్టేవాళ్ళట.

ప్రద్యుమ్న తల పట్టుకున్నాడు. స్పోర్ట్స్ కారుకు గుండిగ పరీక్ష ఆపమని కాగితం మీద ఉత్తర్వు ఇచ్చాడు. కుదుపులు ఆపే బిగింపులు సడలించారు, స్టీరింగ్ కింద ఉన్న రబ్బరు బిళ్ళలు తీయించారు. మధ్యాహ్నం నేను నడిపాను. కారు కొంచెం కొంచెంగా మాట్లాడుతోంది, ఇప్పుడే మాటలు నేర్చే పిల్లలాగ. ఐదు చుట్లు వేశాను.

ఫిబ్రవరి 17

రెక్క మళ్ళీ మూగది అయిపోయింది. నిన్నటి కారేనా అని నంబరు చూశాను. అదే. ప్రద్యుమ్న కంప్యూటర్లన్నీ వెతికాడు, తప్పు ఎక్కడా లేదంటాడు. మళ్ళీ సడలించాం, మళ్ళీ బాగుంది.

ఫిబ్రవరి 21

నాలుగు రోజులుగా ఇదే తంతు. మేం సడలించి ఇంటికి పోవడం, మర్నాడు వచ్చేసరికి అది పట్టుపరుపులా తయారై ఉండటం. ప్రద్యుమ్న బెల్లోరా వాళ్ళు గూఢచారిని పెట్టారంటాడు. నూట అరవై ఏళ్ళ కంపెనీకి మన బండి మెత్తగా చేసి పెట్టాల్సిన అవసరమేం వచ్చిందో అతనికే తెలియాలి.

ఇవాళ క్యాంటీన్లో అన్నంలో సాంబారు పోసుకుంటూ సగంలో ఆగిపోయాను. మూఢం వచ్చి పెళ్ళిళ్ళు లేవు, వంటల బండ్ల తయారీ ఈ నెలంతా ఆపేశారు. స్పోర్ట్స్ కారుకు గుండిగ పరీక్ష లేదు. పరీక్ష అయిన సాంబారే మా క్యాంటీనుకు వస్తుంది. మరి ఈ సాంబారు ఎక్కడిది?

ఫిబ్రవరి 22

దొరికాడు. గూఢచారి కాదు, మస్తాన్. చివరి బిగింపు పని అతనిదే, ఇరవై ఆరేళ్ళుగా. పొద్దున ఆరున్నరకు పోయి చూస్తే రెక్క కింద పడుకుని రబ్బరు బిళ్ళలు ఎక్కిస్తున్నాడు. పక్కన గుండిగ, ఉతికి మడతపెట్టిన తెల్లబట్ట.

"ఏంది మస్తానూ ఈ పని?" అన్నాను.

కింద నుంచి బయటికొచ్చి చేతులు తుడుచుకున్నాడు. దాచడానికి ప్రయత్నించలేదు. "ఎవరో తెలివి తక్కువోళ్ళు రోజూ వదులు చేసి పోతుండారక్కా. నేను సరిచేస్తుండా."

"ఆ తెలివి తక్కువదాన్ని నేనే."

"నువ్వా?" నమ్మలేనట్టు చూశాడు. "సారు కాయితం ఇచ్చినాడు, నిజమే. చదివినా. కానీ ఒలికే బండిని నా చేత్తో ఎట్టా పంపియ్యాలక్కా? ఇరవై ఆరేళ్ళల్లో నా బట్ట మీద మరక లేదు. ఏ పెళ్ళిలోనైనా 'కాళంగి బండిలో సాంబారు ఒలికింది' అన్నారా? రేపు ఆ జడ్జీలు కుదుపు తగిలి 'వీళ్ళకు బిగించడం కూడా రాదు' అంటే, ఆ మాట ఎవురికి తగలాల?"

నాకు కోపం రావాలి. ఈయన బిగించిన ప్రతి మరా నా లైసెన్సును కొంచెం కొంచెం పీకేస్తోంది. తిట్టడానికే నోరు తెరిచాను. కానీ మడత పెట్టిన ఆ బట్ట చూసి, "నువ్వు చేసిన బండిలో ఎప్పుడైనా కూచున్నావా మస్తానూ?" అని మాత్రం అడిగాను.

"దాంట్లో సీట్లేవి అక్కా కూచోడానికి? గుండిగలకు కదా చేసేది."

"దీంట్లో ఉండాది కదా."

"దీంట్లో గుండిగ పెడతాం కదా" అన్నాడు.

ఫిబ్రవరి 24

ప్రద్యుమ్నకు చెప్పి పక్క సీటు వేయించాను. కారు సడలించి ఉంది. మస్తాన్ కూర్చున్నాడు, ఒళ్ళో చిన్న గిన్నె నిండా సాంబారు. అది అతని షరతు. ఒలికితే తన మాటే నెగ్గినట్టు, కారు మళ్ళీ బిగిస్తానన్నాడు. సరే అన్నాను.

మొదటి మలుపులోనే సగం అతని చొక్కా మీదికి వచ్చింది. రెండో మలుపులో ములక్కాడ ముక్క ఒకటి అద్దానికి అతుక్కుంది. మూడో మలుపులో కారు వెనక భాగం జారింది, నేను సర్దాను, మస్తాన్ "యా అల్లా!" అని ఒక కేక పెట్టాడు. సాంబారు కళ్ళలోకి పోయిందేమోనని కారు ఆపాను.

మొహం తుడుచుకోలేదు. ఖాళీ గిన్నె పట్టుకుని ముందుకే చూస్తున్నాడు. "ఇదంతా నేను బిగించిందేనా?" అన్నాడు.

"నువ్వు బిగించింది, మేం వదులు చేసింది."

"వెనక ఎడమ చక్రం కొంచెం ఎక్కువ వదులైందక్కా. జారేటప్పుడు ఒక చిటికె ఆలస్యంగా చెబుతుండాది." ఆగి, "ఇంకోసారి పోనీ, సరిగ్గా వింటా" అన్నాడు.

ఇరవై ఆరేళ్ళుగా సాంబారు కోసం విన్న చెవులవి. మనిషి కోసం వినడం మొదలుపెట్టాక ఇవాళ మేం పద్నాలుగు చుట్లు వేశాం.

మార్చి 9

ఇక మస్తాన్‌ని పట్టడం ఎవరి తరం కాదు. "కూచోకుండా మర ముట్టుకోవద్దు" అని అందరికీ హుకుం జారీ చేశాడు. నలభై ఒక్కమంది పనివాళ్ళను ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని తిప్పాను. పెయింటు గురవయ్య దిగి వాంతి చేసుకుని, మళ్ళీ ఎక్కాడు. క్యాంటీన్ తులశమ్మ కళ్ళు మూసుకునే కూర్చుంది, అయినా ఆగే కుదుపు ఆలస్యంగా తగులుతోంది, బ్రేకు కాలికి దూరమైందని చెప్పింది. నిజమే, దూరమే.

ఒక్కొక్కరిదీ ఒక్కో మాట. అన్నీ వింటే కారు కారుగా మిగలదు. ప్రద్యుమ్న అందరి మాటలకూ అంకెలు వేసి సగటు తీస్తానంటే మస్తాన్ అతని చేతిలో స్పానర్ పెట్టి కారు కిందికి తోశాడు. చీఫ్ ఇంజనీరు మొదటిసారి గ్రీజుతో బయటికొచ్చాడు. చాలా సంతోషంగా ఉన్నాడు.

ఇప్పుడు రెక్క బెల్లోరాలా లేదు. ఇంకోలా ఉంది. బాగుందని నాకు తెలుసు. జడ్జీలకు తెలియాలి. ఐదు రోజులుంది. భయంగా ఉంది, దాచడం దేనికి?

మార్చి 14

ఇది కూర్చుని నెమ్మదిగా రాస్తున్నాను.

పరీక్షాధికారి దమయంతి గారు గడియారం, రిజిస్టరు పట్టుకుని పది గంటలకు వచ్చారు. ముందే హెచ్చరించారు. "జడ్జీలతో మాట గానీ, నవ్వు గానీ, దగ్గు గానీ సైగగా అనిపిస్తే పరీక్ష రద్దు."

మొదటి జడ్జి పూణే ఆవిడ. మూడు చుట్లయ్యాక గీత దాటి ఆగకుండా నాలుగోదానికి పోయింది! మస్తాన్ నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే గాజు చిట్లింది. రెండో జడ్జి మూడు చుట్లకే ఆగి, సీటు నడుముకు గుచ్చుకుంటోందని దిగిపోయాడు.

మూడో ఆయన నాదముని గారు, చెన్నై. డెబ్భై తొమ్మిదేళ్ళు, వయసులో ఉన్నప్పుడు పన్నెండేళ్ళు బెల్లోరాలతో పందేల్లో పాల్గొన్న మనిషి. మూడో చుట్టు పూర్తి చేసి ఆగారు. దిగారు. మొహం పాలిపోయి ఉంది. ఎవరివైపూ చూడకుండా క్యాంటీన్ వైపు నడిచి వెళ్ళిపోయారు. అప్పటికి రెండున్నర.

ప్రద్యుమ్న నేల మీద కూర్చున్నాడు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు తేలికైపోయింది, జ్వరం వచ్చే ముందులాగ.

తులశమ్మే ముందు తేరుకుంది. "ఐదుదాకా బండి ఇక్కడే గదా ఉండేది. నన్నొక చుట్టు తిప్పక్కా, మళ్ళీ ఎప్పుడో ఏమో." ఆమె వెనక ఇంకొకరు, వాళ్ళ వెనక ఇంకొకరు. క్యూ కట్టారు. తిప్పాను. ఒక్కొక్కరినీ ఒక్కో చుట్టు, మధ్యలో ఒకసారి చార్జింగ్. కొంతమంది దిగి మళ్ళీ క్యూ చివర నిలబడ్డారు. ఆఖరి చుట్టు ఒక్కటీ ఒంటరిగా నా కోసం అట్టేపెట్టుకున్నాను. మళ్ళీ చార్జింగ్ పెట్టే సమయం లేదు, మీటరు ఆరు శాతం చూపిస్తోంది, చుట్టుకు ఐదు ఖర్చు. క్యూలో వాళ్ళను ఇక ఆపేద్దామని తల తిప్పి చూశాను.

నాలుగు నలభై ఏడు. క్యూలో ముగ్గురున్నారు. తులశమ్మ, గురవయ్య, మస్తాన్. వాళ్ళ వెనక, చేతులు కట్టుకుని, నాదముని గారు.

ఒక్క చుట్టుకే చార్జింగ్ ఉంది, ముందు ముగ్గురున్నారు. "మీరు ముందుకు రండి" అంటే సైగ. జరిగి దారిచ్చినా సైగే. దమయంతి గారు కుర్చీలోంచి లేచి మరీ చూస్తున్నారు.

తులశమ్మ నుదురు కొట్టుకుంది. "అయ్యో, పొయ్యి మీద పాలు పెట్టొచ్చినానే!" అంటూ పరుగు తీసింది. గురవయ్య చెప్పు లేసు ఊడిందని కిందికి వంగి అలాగే పక్కకు జరిగిపోయాడు. అతను వేసుకున్నవి రబ్బరు చెప్పులు. మస్తాన్ టోపీ తీసి పెట్టుకుని, "నమాజు వేళయింది" అని ఎవరితోనూ కానట్టు అని, తల వంచుకుని నడిచి వెళ్ళాడు.

"ఏమిటిదంతా?" అన్నారు దమయంతి గారు.

ఎవరమూ పలకలేదు. పలికితే సైగ.

నాదముని గారు నా కిటికీ దగ్గరికి వచ్చారు. నేను స్టీరింగ్ పట్టుకుని ముందుకే చూస్తున్నాను. "అమ్మా" అన్నారు, "మూడో చుట్టులో నాకు భయమేసింది. నలభై ఏళ్ళయింది కారులో భయపడి. చేతులు వణికితే పోయి కాఫీ తాగి కూర్చున్నాను. వణుకు తగ్గేదాకా బాగానే ఉంది. తగ్గినాక మళ్ళీ కావాలనిపిస్తోంది. మీరు దిగుతారా?"

దిగాను. చార్జింగ్ తక్కువ ఉంది, జాగ్రత్త అని చెప్పాలి. చెప్పకూడదు. నాలుక కొరుక్కున్నాను. నాలుగు యాభై మూడుకు ఆయన బయల్దేరారు. ముసలాయన నెమ్మదిగా పోతాడని ఆశపడ్డాను. మొదటి మలుపు నేను కూడా ఎప్పుడూ తిప్పనంత వేగంగా తిప్పారు. పక్షులన్నీ లేచిపోయాయి. కారు అవతలి ఒడ్డున చుక్కంతయింది, పెద్దదయింది, గీత దాటింది. నాలుగు యాభై ఆరు.

దమయంతి గారు రిజిస్టరులో నాలుగు అని రాసి, కింద సంతకం పెట్టి, "సైగ ఏదీ కనిపించలేదు" అని గట్టిగా చదివారు. ఆమె పెదాలు బిగిసి ఉన్నాయి, నవ్వు ఆపుకుంటున్నారని నా అనుమానం.

నా లైసెన్సు ఇంకో ఐదేళ్ళు, నాకు అరవై మూడొచ్చేదాకా. మస్తాన్ నమాజు నిజంగానే చేసొచ్చాడో లేదో గానీ, నన్ను కౌగిలించుకోబోయి సిగ్గుపడి ప్రద్యుమ్నను ఎత్తేశాడు.

కారు మాత్రం ఆగలేదు. నాదముని గారు ఐదో చుట్టుకు పోయారు. అవతలి మలుపు ముందు చార్జింగ్ అయిపోయి కారు నిలబడిపోయింది. నలభై మందిమి పరుగెత్తాం. దిగమంటే దిగనన్నారు. చుట్టు మధ్యలో కారు వదలడం ఆయన అలవాటు కాదట. ఇక తోయడం మొదలుపెట్టాం. కారు వెనక భాగం మీద చేతులు పెట్టి తోస్తూ ఏడ్చేశాను. అందరూ చూశారు, చూడనీ.

కిటికీలోంచి ఆయన తల బయటికి వచ్చింది. "మలుపు వస్తోందమ్మా. ఈ వేగం చాలదు. ఇంకాస్త గట్టిగా!"

గట్టిగానే తోశాం.